పెద్దాయన చెప్పిన ఎనిమిది గంటలు

ఇది మీరు చేసిన పనే. తలుపు మీద పేరు కూడా లేని నాలుగో అంతస్తు ఆఫీసులో, ఏసీ కింద కాళ్లు చాపుకుని కూర్చునే మీరు చేసిన పని. ముఠా మీదికి నెట్టకండి. ముఠా వాళ్లు దుర్మార్గులే, ఎవరూ కాదనడం లేదు. కానీ ఆ పెట్టెలో చాలినంత మంచు కూరింది వాళ్లు. తీసి పారేసింది మీరు. రెండు వందల పైచిలుకు జనం బెల్టులు బిగించుకుని, సినిమాలు చూసుకుంటూ, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని సముద్రం మీద వేలాడుతుంటే, వాళ్ల పాదాల కింద మీ తప్పు కరుగుతూ పోయింది. ఆ సంగతి ఆ వేళ మీలో కనీసం నలుగురికి తెలుసు. మీ పెద్దాయనకీ చివరికి తెలిసింది. తెలిశాక ఏం చేశాడో కూడా ఇక్కడ రాసి ఉంది. కాదనే దమ్ముంటే ముందుకొచ్చి కాదనండి.

మీ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఒక ఏజెంటుని అందరూ తొండ అనే పిలుస్తారు. రంగు మార్చడంలో అతన్ని మించినవాడు లేడు. కోటు తిరగేస్తే మేనేజరు, కళ్లజోడు తీస్తే డ్రైవరు, రెండు భుజాలూ కిందికి జారిస్తే ఎవరూ రెండోసారి చూడని గుమస్తా. ఇంట్లో వాళ్లకి మాత్రం అతను నీటి మోటార్ల కంపెనీలో సేల్స్ మేనేజరు. వాళ్లమ్మ ఇరుగుపొరుగుకి అలాగే చెప్పుకుంటుంది. చెల్లెలు విమానం నడిపే పైలట్ కాబట్టి ఆ ఇంట్లో అతని ఉద్యోగం గురించి ఎవరూ పెద్దగా అడగరు.

ముందు రోజు మధ్యాహ్నం బ్రీఫింగ్ జరిగింది. పొడవాటి బల్ల, చివర్లో పెద్దాయన. ఆయనకీ పేరుంది, కానీ డిపార్ట్‌మెంట్‌లో దాన్ని ఎవరూ పలకరు.

"కందిరీగ ముఠా రేపు పొద్దున ఎనిమిది గంటల విమానంలో సరుకు పంపుతోంది. సముద్రం అవతలికి. సెంట్ల శాంపిల్ అని రాసిన పెట్టె. లోపల ఒక్క సీసా. చల్లగా ఉన్నంతసేపు నీళ్లే. వేడెక్కిందా, మూత పగిలి ఆవిరవుతుంది. ఆ ఆవిరి పీల్చినవాడు లేవడు," అన్నాడు పెద్దాయన.

"సమాచారం ఎవరిది సార్?" తొండ అడిగాడు.

"నెమలి."

గదిలో ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో సర్దుకున్నారు. నెమలి అంటే ఎయిర్‌పోర్టులో ఫస్ట్ క్లాస్ లౌంజ్ మేనేజరు. ఆమె నడిచొస్తుంటే లౌంజ్‌లో పేపర్లు కిందికి దిగుతాయి. ముఠాకి ఆమె వాళ్ల మనిషి. డిపార్ట్‌మెంట్‌కి డిపార్ట్‌మెంట్ మనిషి. అసలు ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"అయితే కార్గో షెడ్డులోనే పట్టేసుకుందాం సార్."

"పట్టుకుంటే పెట్టె దొరుకుతుంది. తీసుకునేవాడు దొరకడు. పోనిద్దాం. లోపల మన ట్రాన్స్‌మిటర్ పెడదాం. అవతల దాన్ని ఎవడు ముట్టుకుంటే వాడి ఇంటిదాకా వెంబడిద్దాం."

పరికరాలు చేసే ఇంజినీర్ని అందరూ మేస్త్రీ అంటారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పెట్టెలో చోటు లేదు సార్. సీసా చుట్టూ డ్రై ఐసే. పద్నాలుగు గంటలకి సరిపడా కూరారట. నా ట్రాన్స్‌మిటర్ ఇటుకంత ఉంటుంది. అది పట్టాలంటే కొంత ఐసు తీసెయ్యాలి. మిగిలింది పది గంటలు ఆగుతుంది, అంతే."

"ప్రయాణం ఎంత?"

ఒక అసిస్టెంటు జేబులోంచి ఫోన్ తీశాడు. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, టైము, అన్నీ వచ్చేస్తాయి. ఈ రోజుల్లో బడికెళ్లే పిల్లలు కూడా చూస్తారు.

"చూడక్కర్లేదు. ఎనిమిది గంటలు," అన్నాడు పెద్దాయన. "ఆ దేశంలో మూడేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాణ్ణి నేను. ఎనిమిది గంటల్లో తెచ్చి దింపాడు. ఐసు పది గంటలు ఉంటే దిగాక ఇంకా రెండు గంటలు మిగులుతుంది."

అసిస్టెంటు ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇక్కడ ఆ ఆఫీసు తీరు చెప్పాలి. అక్కడ పెద్దాయన నోటి వెంట అంకె వచ్చిందంటే అదే అంకె. ఒకసారి ఆయన బుధవారాన్ని గురువారం అన్నాడు. సాయంత్రం దాకా అందరూ గురువారమే పని చేశారు. మర్నాడు కూడా గురువారమే కాబట్టి మళ్లీ చేశారు. దీన్ని వాళ్లు క్రమశిక్షణ అంటారు. ఆ గదిలో కనీసం నలుగురు ఆ సముద్రం దాటి వెళ్లొచ్చినవాళ్లున్నారు. వెళ్లేటప్పుడు ఎంతసేపు పట్టిందో వాళ్ల నడుములకి తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఎవడి ప్రమోషన్ వాడిది.

పొద్దున తొండ కార్గో సూపర్‌వైజర్ చొక్కా వేసుకున్నాడు. షెడ్డులో మేస్త్రీ సీలు విప్పాడు. తొండే దళసరి గ్లౌజులు తొడుక్కుని, పొగలు కక్కుతున్న తెల్లటి ముక్కల్ని తన చేతుల్తో తీసి బకెట్లో వేశాడు. ఇటుక లోపల కూర్చుంది. అదే సీలు మళ్లీ పడింది. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయింది. విమానం ఎనిమిదింటికి లేచింది.

"బకెట్లో ఐసు ఏం చేద్దాం?" తొండ అడిగాడు.

"పారబొయ్యి. మనకెందుకు?" అన్నాడు మేస్త్రీ.

*

మధ్యాహ్నం పన్నెండు దాటింది. తొండ ఎయిర్‌పోర్టు బయట వ్యానులో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అమ్మ.

"ఒరేయ్, మోటార్లు అమ్ముడుపోయాయా?"

"పోతున్నాయిలే అమ్మా. ఏంటి చెప్పు."

"చెల్లి ఇవాళ పంటి డాక్టరు దగ్గరికి వస్తానంది కదా, రాదంట. ఎవరికో జ్వరమని తెల్లారకుండా దీన్ని పిలిపించి ఎక్కించేశారు. ఆ డాక్టరుకి నువ్వు ఫోన్ చేసి రేపటికి మార్చు. నేను చేస్తే ఆ పిల్ల ఏదేదో నొక్కమంటుంది."

"ఎక్కడికి ఎక్కించారు?"

"అదే, సముద్రం దాటేది. పొద్దున ఎనిమిదికి."

తొండ చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "సర్లే. నాలుగింటికల్లా దిగేస్తుంది."

"నాలుగేంట్రా? ఏడు దాటుతుంది."

"ఎనిమిది గంటలే కదమ్మా ప్రయాణం."

"అది వచ్చేటప్పుడు! వెళ్లేటప్పుడు ఎదురుగాలి, పదకొండు గంటల పైనే. నాలుగేళ్ల నుంచి అది ఆ దారిలోనే తిరుగుతోంది. వచ్చిన ప్రతిసారీ ఇదే పాట. వెళ్లేటప్పుడు ఎంతకీ రాదమ్మా ఆ ఒడ్డు, వచ్చేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది అని. నువ్వు తినేటప్పుడు చెవులు కూడా నోట్లోనే పెట్టుకుంటావు, నీకెలా వినబడుతుంది?"

వినబడింది. ఇప్పుడు వినబడింది.

ఆ ఎత్తులో గాలి ఊరికే వీచదు. పడమటి నుంచి తూర్పుకి నదిలా పారుతుంది. తూర్పుకి వచ్చే విమానాన్ని మోసుకొస్తుంది, పడమటికి పోయేదాన్ని వెనక్కి లాగుతుంది. కింద సముద్రం అంతే, మ్యాపు మీద దూరం అంతే. ప్రయాణం మాత్రం ఒకటి కాదు. పెద్దాయన చెప్పిన ఎనిమిది గంటలు అబద్ధం కాదు. కాకపోతే అది తిరుగు ప్రయాణానిది.

తొండ వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. ఐసు సాయంత్రం ఆరింటికి అయిపోతుంది. విమానం ఏడు దాటాక దిగుతుంది. ఆ మధ్య గంటకి పైగా ఆ సీసా ఐసు లేకుండా గాల్లో ఉంటుంది. దాని పైన సీట్లు, సీట్లలో జనం, అందరికంటే ముందు సీట్లో చెల్లెలు.

"ఒరేయ్, ఉన్నావా? డాక్టరుకి చేస్తావా లేదా?"

"చేస్తానమ్మా," అన్నాడు తొండ. వ్యాను అప్పటికే కదిలింది.

*

నాలుగో అంతస్తులో గోడంత తెర. తెర మీద నీలం సముద్రం. దాని మీద ఒక ఎర్ర చుక్క, మేస్త్రీ ఇటుక పంపుతున్న చుక్క. తెర ముందు పెద్దాయన, ఆయన వెనక అసిస్టెంట్లు, చేతుల్లో టీ కప్పులు.

"సార్, ప్రయాణం ఎనిమిది గంటలు కాదు. పదకొండు పైన. ఎదురుగాలి. ఐసు చాలదు," అన్నాడు తొండ. ఊపిరి అందడం లేదు.

"ఎవరు చెప్పారు?"

"తెర చెబుతోంది సార్. చూడండి. నాలుగున్నర గంటలైంది. మీ లెక్కన సగం దాటి ఉండాలి. దాటిందా?"

చుక్క సగానికి చాలా ఇవతలే ఉంది. అందరికీ కనబడుతోంది. పెద్దాయన చుక్కని చూశాడు, తర్వాత మేస్త్రీని చూశాడు.

"నీ మిషను వెనకబడి చూపిస్తున్నట్టుందయ్యా."

మేస్త్రీకి తెలుసు. ఆ ఇటుక వెనకబడదు. అది చేసింది ఆయనే, రెండేళ్లు కష్టపడి. "అవ్వొచ్చు సార్," అన్నాడు.

"సార్, మీరు తిరిగొచ్చేటప్పుడు ఎనిమిది గంటలు. వెళ్లేటప్పుడు ఎంత పట్టింది? అది చెప్పండి."

పెద్దాయన కాసేపు గుర్తుచేసుకున్నాడు. "వెళ్లేటప్పుడు నిద్రమాత్ర వేసుకున్నాను. కళ్లు మూసి తెరిచేసరికి దిగాం. అంతకంటే తక్కువే అనిపించింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోట కూడా నవ్వని గది అది.

పెద్దాయన తొండ భుజం మీద చెయ్యేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ గొంతు మారింది. తగ్గింది. అప్పటికి ఆయనకి అర్థమైందన్నమాట.

"సరే, నువ్వన్నదే నిజమనుకో. ఇప్పుడేం చేస్తాం? వెనక్కి పిలిస్తే ముఠాకి తెలిసిపోతుంది. రెండేళ్ల ఆపరేషన్. పైగా ఐసు మనం తీశామని బయటికొస్తే ఈ డిపార్ట్‌మెంట్ ఉండదు. మేస్త్రీ పది అన్నాడంటే పన్నెండు కూడా ఆగొచ్చు. ఇంజినీర్లు తక్కువే చెబుతారు."

"నా చెల్లెలు నడుపుతోంది సార్ దాన్ని."

పెద్దాయన చెయ్యి తీసేశాడు. "అందుకే నీకు తల పనిచెయ్యడం లేదు. ఫోనూ కార్డూ ఇక్కడ పెట్టి ఇంటికెళ్లు. ఈ కేసు మీద నువ్వు లేవు."

తొండ రెండూ బల్ల మీద పెట్టాడు. మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ టీ కప్పులోకి చూసుకుంటున్నాడు.

*

విమాన సంస్థ కంట్రోల్ రూమ్ ఎయిర్‌పోర్టు వెనక భవనంలో ఉంది. అక్కడ ప్రతి విమానానికీ దారి వేసి, ఇంధనం లెక్కకట్టి, దిగేదాకా దాని మీద కన్నేసి ఉంచే ఆఫీసర్ని డిస్పాచర్ అంటారు. ఆ వేళ డ్యూటీలో ఉన్నది నలభై దాటిన ఒకావిడ. చెవిలో ఒక ఫోను, మెడ దగ్గర ఇంకో ఫోను. ఎవరినీ కూర్చోమనే అలవాటు లేదు.

తొండ నిజం చెప్పాడు. ఏజెంటు జీవితంలో మొదటిసారి, పూసగుచ్చినట్టు నిజం చెప్పాడు. ప్రభుత్వ మనిషినన్నాడు. పెట్టె గురించి, మంచు గురించి చెప్పాడు.

"సిబ్బంది కిందికి దిగి ఆ పెట్టె తియ్యలేరా?"

"గాల్లో ఉండగా ఆ అరలోకి దారి లేదు. మధ్యలో దించడానికి చోటూ లేదు. ఒక్క దీవి ఉంది, దాని రన్‌వే దీనికి చాలదు," అందామె, కీబోర్డు టకటకలాడిస్తూనే.

"వెనక్కి తిప్పితే?"

వేళ్లు ఆగాయి. "వెనక్కి తిప్పితే గాలి మన వైపు ఉంటుంది. అయిదు గంటలు ఈడ్చుకుంటూ వెళ్లిన దూరం మూడున్నరలో వచ్చేస్తుంది." గడియారం చూసింది. ఒంటిగంట. "మీరు చెప్పేది నిజమైతే, రెండు కొట్టేలోపు తిప్పాలి. అప్పుడే ఆరింటికి ముందు ఇక్కడ దిగుతుంది. రెండు దాటాక ముందుకెళ్లినా వెనక్కొచ్చినా ఒకటే."

"తిప్పండి మరి!"

"ప్రభుత్వ మనిషినన్నారు కదా. ప్రభుత్వం నుంచి సమాచారమొస్తే ప్రభుత్వాన్ని అడిగి ఖాయం చేసుకోవాలి. రూలు." ఆమె ఫోన్ చేసింది. నాలుగో అంతస్తుకే. తొండకి ఇవతలి మాటలే వినబడ్డాయి. "అవునండీ... పెట్టె... అలాంటిదేం లేదా?... ఈయన మీ మనిషేనా?... సరే. సరేనండీ."

ఫోన్ పెట్టేసింది. "పెట్టె లేదట. మీరెవరో తెలీదట. ఈ మధ్య ఎవరో మతి చెడిన మోటార్ల సేల్స్‌మాన్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడట, జాగ్రత్తగా ఉండమన్నారు."

ఇది కూడా ఆ డిపార్ట్‌మెంట్ పద్ధతే. ఏజెంటు దొరికిపోతే తెలీదనడం. శత్రువుల చేతికి చిక్కినప్పుడు వాడమని పెట్టిన మాట అది. సొంత దేశపు కంట్రోల్ రూమ్‌లో, ఒక పైలట్ అన్నయ్య మీద వాడారు.

"మీకు అనుమానం రావడం లేదా?" తొండ ఆమె బల్ల మీదికి వంగాడు. "మీ పైలట్ నా చెల్లెలండీ. దాని పన్నుకి నొప్పి. రేపటికి డాక్టరు దగ్గర టైము మార్చాలి. ఇదంతా అబద్ధం చెప్పేవాడికి ఎలా తెలుస్తుంది?"

ఆమె అతని మొహంలోకి చూసింది. నమ్మింది. నమ్మినట్టు కళ్లలో కనబడింది కూడా. "నేను నమ్మితే సరిపోదు సార్," అందామె. "నా నమ్మకంతో విమానం తిరగదు." తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డులు నిలబడి ఉన్నారు.

కారిడార్ మలుపులో తొండ ఒక గార్డుని మోచేత్తో పొడిచి తప్పించుకున్నాడు. కోటు తిరగేశాడు. లోపలి వైపు పసుప్పచ్చ రంగు, వీపు మీద "క్లీనింగ్". గోడకి ఆనించి ఉన్న తడి గుడ్డ కర్ర అందుకున్నాడు. ఎదురుగా పరిగెత్తుకొచ్చిన ఇద్దరు గార్డులు అతన్ని దాటుకుని వెళ్లిపోయారు. ఒకడు "ఇక్కడ జారుతోంది, తుడువు" అని కూడా అన్నాడు.

*

లౌంజ్‌లో మెత్తటి కుర్చీలు, సన్నటి సంగీతం. నెమలి కౌంటర్ వెనక నిలబడి ఒక ముసలి ప్రయాణికుడికి చిరునవ్వు ఇస్తోంది.

తొండ పక్కనే నేల తుడుస్తూ అన్నాడు. "మేడమ్, ఇక్కడ లిఫ్టు పనిచేస్తుందా?"

"కిందికి మాత్రమే," అంది నెమలి, అటు చూడకుండానే. కోడ్ కుదిరింది. వెనక సామాన్ల గదిలోకి నడిచింది. తలుపు పడింది. చిరునవ్వు కూడా తలుపు బయటే ఉండిపోయింది.

"బుద్ధుందా? ఈ వేషంలో, ఈ టైములో?"

"పెట్టెలో ఐసు తీసేశాం."

"ఏంటీ?"

"ట్రాన్స్‌మిటర్ పెట్టడానికి. నేనే తీశాను. మిగిలింది పది గంటలకే."

నెమలి కళ్లు పెద్దవయ్యాయి. "పదకొండుంబావు పడుతుంది ఆ ప్రయాణం! నేను అడిగి, రెండుసార్లు చూసుకుని, ఆలస్యమైతే పనికొస్తుందని పద్నాలుగు గంటలకి సర్దాను. వీళ్లు షెడ్డులోనే పట్టుకుంటారని సర్దాను. ఎగరనిస్తారని ఎవరు చెప్పారు నాకు? ఎవడు చేశాడు ఈ లెక్క?"

"పెద్దాయన. నిద్రపోయి."

ఆమె గోడకి ఆనుకుంది. "కంట్రోల్ రూమ్‌కి చెప్పావా?"

"చెప్పాను. ప్రభుత్వ మనిషినన్నాను. అడిగారు. ప్రభుత్వం కాదంది."

"అక్కడే చెడగొట్టావ్. ప్రభుత్వం అన్నావు చూడు, అక్కడ. నేను దొంగని, విమానంలో చావు పెట్టాను అని ఉంటే ఎవరినీ అడక్కుండా తిప్పేవాళ్లు. మంచివాడు చెబితే ఖాయం చేసుకోవాలి. దొంగ చెబితే అక్కర్లేదు."

"ఇప్పుడు చేస్తాను. ఫోనివ్వు."

"నీ గొంతు వాళ్లు విన్నారు. మోటార్లవాడు మళ్లీ చేశాడనుకుంటారు." ఆమె జాకెట్ లోపలి నుంచి లిప్‌స్టిక్ తీసింది. అడుగు తిప్పింది. అది ముఠా ఫోను. వేలంత ఉంటుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆ చూపు అర్థం తొండకి తెలుసు. ఆ ఫోన్‌తో కంట్రోల్ రూమ్‌కి చేస్తే ముఠాకి ఆమె ఎవరో తెలిసిపోతుంది. పోలీసులకి ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇక డిపార్ట్‌మెంట్ సంగతి... దానికి ఏం తెలిసినా తెలియదనే అంటుంది.

"వేరే దారి చూద్దాం," అన్నాడు తొండ. అతనికే నవ్వొచ్చింది. ఏ దారి?

"విమానంలో నీవాళ్లెవరన్నా ఉన్నారా?"

"చెల్లెలు."

"ఎన్నో సీటు?"

"అన్నిటికంటే ముందుది. నడుపుతోంది."

నెమలి ముక్కుతో నవ్వింది. "ఇంట్లో ఒక్కరన్నా పనికొచ్చేవాళ్లున్నారు." తర్వాత నవ్వు పోయింది. "నా పెట్టె అది. నేను సర్దిన పెట్టెతో జనం చావడానికి వీల్లేదు. నువ్వు వెళ్లిపో. నీ మొహం ఇక్కడ కనబడితే ఇద్దరం పోతాం."

అతను తలుపు దాటుతుండగా వెనక ఆమె గొంతు వినబడింది. మెత్తగా, తీరిగ్గా, చలి పుట్టించేలా. ముఠా గొంతు. "కంట్రోల్ రూమేనా? రాసుకోండి. మీ విమానం వెనక అరలో ఒక పెట్టె ఉంది. సీలు నెంబరు చెబుతాను. మీ కంప్యూటర్లో చూసుకుని పోల్చుకోండి..."

*

తొండ కంట్రోల్ రూమ్ వైపే పరిగెత్తాడు. గార్డులు తలుపు దగ్గరే పట్టుకుని చేతులకి సంకెళ్లు వేశారు. గాజు గోడ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అతనికి కావలసింది అదే. అక్కణ్ణించి తెర కనబడుతోంది.

లోపల డిస్పాచర్ నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినబడదు. సీలు నెంబరు సరిపోయిందని ఆమె భుజాల్ని బట్టే తెలిసింది. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపింది. ఇక విమానం నుంచి జవాబు రావాలి.

ఒంటిగంటా నలభై. చుక్క పడమటికే పోతోంది.

తొండ బెంచీ మీద ముందుకి వంగాడు. అతని దగ్గర విషపు సూది ఉన్న పెన్ను ఉంది, తాళాలు విప్పే ఉంగరం ఉంది, గోడలు వినే గుండీ ఉంది. ఏ ఒక్కటీ ఆ చుక్కని ఇటు తిప్పదు. జీవితమంతా రంగులు మార్చి ఏమేం చేశానని అనుకున్నాడో, అదంతా ఆ గాజు ఇవతల బెంచీ మీద కూర్చుంది. చెల్లెలు చిన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటుంటే సీటు పట్టుకుని వెనక పరిగెత్తాడు. వదిలేశాడని తెలిసి అది వెనక్కి తిరిగి తిట్టింది. ఇప్పుడు పట్టుకోవడానికి సీటు కూడా లేదు.

ఇంకా పడమటికే.

లోపల డిస్పాచర్ మళ్లీ మెసేజ్ పంపింది. మళ్లీ. ఒకసారి తల తిప్పి గాజులోంచి తొండని చూసింది. ఆ చూపులో ఏముందో అతను చూడలేకపోయాడు.

రెండుకి పది నిమిషాలు. చుక్క ఆగినట్టనిపించింది. విమానం గాల్లో ఆగదు. వంపు తిరుగుతోంది. పడమర, ఉత్తరం, తూర్పు. పక్కనున్న గార్డు అడిగాడు. "ఏమైందయ్యా, ఏడుస్తున్నావు?"

"ఎదురుగాలి," అన్నాడు తొండ.

తర్వాత నాలుగు గంటలు చెప్పుకోవడానికేం లేదు. కూర్చున్నాడు. లౌంజ్ వైపు నుంచి పోలీసు బూట్ల చప్పుడు వినబడింది. నెమలిని అతని ముందు నుంచే నడిపించుకుంటూ తీసుకెళ్లారు. తల వంచలేదు, అతని వైపు చూడలేదు. కారిడార్లో నిలబడ్డ జనం ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీశారు. ఒకావిడ "ఇంత అందం పెట్టుకుని ఇదేం బుద్ధి తల్లీ" అంది.

ఆరింటికి ఇంకా కొన్ని నిమిషాలుండగా విమానం నేల తాకింది. గాలి చొరని బట్టలు తొడుక్కున్న మనుషులు వెనక అర తెరిచి పెట్టెని బయటికి తీసి, కొత్త మంచులో ముంచారు. మూత తీసిన మనిషి తర్వాత డిస్పాచర్‌తో చెప్పాడు. లోపల మిగిలింది గోరంత ముక్క. అది కూడా చూస్తుండగానే పోయిందట.

ప్రయాణికులు గొణుక్కుంటూ దిగారు. పెళ్లి తప్పిపోయిందని ఒకడు, మీటింగ్ పోయిందని ఒకడు. ఆఖర్న చెల్లెలు దిగింది, దవడ చేత్తో పట్టుకుని. బెంచీ మీద అన్నయ్యని చూసి ఆగిపోయింది.

"అన్నయ్యా? నువ్వేంటిక్కడ? సంకెళ్లేంటి?"

"మోటార్ల విషయంలో చిన్న గొడవ."

"మోటార్లకి సంకెళ్లు కూడా వేస్తారా?" అంటూ పక్కన కూలబడింది. "ఎవరో పిచ్చిది ఫోన్ చేసి బెదిరించిందట. శాటిలైట్ మెసేజ్ ఆలస్యంగా అందింది, అదీ అందకపోతే ఇంకో అరగంట అలాగే పోయేవాళ్లం. దొరికితే చెంప పగలగొట్టేదాన్ని."

తొండ సంకెళ్ల చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "డాక్టరుకి రేపటికి మార్చాలి," అన్నాడు.

*

తర్వాత జరిగింది మీకు తెలుసు. అవతలి ఎయిర్‌పోర్టులో పెట్టె కోసం కాచుకున్నవాడు విమానం రాలేదని తెలుసుకుని గుంపులో కలిసిపోయాడు. ఇవతల పెద్దాయన పేరు చెప్పకుండా పేపర్లకి చెప్పాడు, "మా సిబ్బంది అప్రమత్తత వల్ల" అని. మేస్త్రీకి మెచ్చుకోలు. తెర ముందు టీ తాగిన ప్రతివాడికీ మెచ్చుకోలు.

నెమలి జైల్లో ఉంది. విమానానికి ముప్పుందని అబద్ధపు ఫోన్ చేసి జనాన్ని భయపెట్టిన నేరం. అది అబద్ధం కాదని తేలాలంటే పెట్టె ఉందని డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి. డిపార్ట్‌మెంట్ పెట్టే లేదంటోంది. పెట్టెని పట్టుకుపోయింది వాళ్లే, చూసినవాళ్ల నోళ్లు మూయించిందీ వాళ్లే. మరి అప్రమత్తత దేని మీద చూపారయ్యా అని అడిగినవాడు లేడు. మతి చెడినవాడని వదిలేశాక, ఆమె కోసం కోర్టు మెట్లెక్కింది తొండ ఒక్కడే. నువ్వెవరని అడిగారు. ఏజెంటునన్నాడు. రికార్డు చూశారు. నీటి మోటార్ల సేల్స్ మేనేజరని ఉంది. కూర్చోమన్నారు.

చెల్లెలికి ఇప్పుడు నిజం తెలుసు. చెంప పగలగొడతానన్న మనిషికి జైలు గేటు దగ్గర వారం వారం పళ్లు ఇచ్చి వస్తోంది. లోపలికి రానివ్వరు. బంధువు కాదు కదా.

కాబట్టి ఇప్పుడు వినండి. బతిమాలడం అయిపోయింది. పెట్టె ఉందని ఒప్పుకోండి. మంచు మేమే తీశామని చెప్పండి. ఆమెని బయటికి పంపండి. రేపు కాదు, విచారణ అయ్యాక కాదు, ఇవాళే. ఆ గదిలో దూరం తెలిసీ నోరు మూసుకున్న ప్రతివాణ్ణీ వరసగా నిలబెట్టి, ఎందుకు మూసుకున్నావని అందరి ముందూ అడగండి.

ఇక పెద్దాయనకి ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇస్తున్నారని విన్నాం. ఇవ్వండి. ముందు ఆయన్ని ఒకసారి పొద్దున ఎనిమిది గంటల విమానం ఎక్కించండి. అటు వైపుది. నిద్రమాత్ర ఇవ్వకుండా. సరిగ్గా ఎనిమిదో గంటకి తట్టి, సార్ మీరన్న చోటు వచ్చేసింది అని చెప్పి, తలుపు తీసి దిగమనండి.